అయిదుంపావు నడక

పోయిన వారం మనం కోడలి చేతిలో ఒక జాబితా, అత్తగారి గొంతులో ఒక పచ్చి వెలక్కాయ పెట్టి వచ్చేశాం. రెండూ ఇంకా అక్కడే ఉన్నాయి. జాబితాలో అమ్మేయాల్సిన మూడు ఆవుల నంబర్లు: తొమ్మిది, ఇరవై రెండు, పదిహేడు. తొమ్మిది పాలు పితకబోతే తన్నే రకం, ఇరవై రెండు పళ్ళూడిన ముసలిది. ఆ రెండూ పోతే పోయాయనుకోవచ్చు. పదిహేడు మాత్రం నిదానం.

నిదానం అన్నది ఆ ఆవు పేరు. షెడ్డులోంచి నీళ్ళ తొట్టి దాకా పట్టుమని ఇరవై అడుగులుండవు, ఆ దూరానికి అది పావుగంట తీసుకుంటుంది. అత్తగారి తల్లి పోతూ పోతూ పొలం కొడుక్కిచ్చి, పాలిచ్చే ఆవును కూతురికిచ్చింది. ఆ ఆవుకి మనవరాలు ఈ నిదానం. నుదుటి మీద అమ్మమ్మకున్న తెల్ల మచ్చే దీనికీ ఉంది. ఇలాంటి ఆవును అమ్మేస్తామంటే వెలక్కాయ మింగుడుపడుతుందా?

కోడలినీ అనడానికి లేదు. షెడ్డులో ఉన్నవి ఇరవై నాలుగు చోట్లు. ఎదిగొచ్చిన పెయ్యలు మూడు బయట రేకు కింద తలదాచుకుంటున్నాయి. నిదానం ఈని ఏడు నెలలు దాటింది, ఇంతవరకూ మళ్ళీ ఎదకి రాలేదు. ఎదకి రాని ఆవు చూడి కట్టదు, చూడి కట్టని ఆవు ఈనదు, ఈనని ఆవు పాలివ్వదు. ఈ లెక్క అత్తగారే కోడలికి కాపురానికొచ్చిన కొత్తలో నేర్పింది. నేర్పిన పాఠం తిరిగొచ్చి తన నెత్తినే కూర్చుంటుందని అప్పుడు ఆవిడకి తెలియదు.

ఎదకి రాలేదని చెప్పింది ఎవరు? బెల్టు. నాలుగు నెలల కిందట ఆవులన్నింటి మెడలకీ కోడలు బెల్టులు కట్టించింది. ఒక్కోదాంట్లో అగ్గిపెట్టెంత యంత్రం. ఆవు ఎంత తిరిగింది, ఎంత నిలబడింది, ఎంతసేపు నెమరేసింది అన్నీ గంటగంటకీ షెడ్డు మీది పెట్టెకి చెబుతుంది, పెట్టె ఫోనుకి చెబుతుంది. ఎదకొచ్చిన ఆవుకి కాలు ఒకచోట నిలవదు కదా. పోయిన పది రోజుల అలవాటు మీద ఒక్కసారిగా తిరుగుడు పెరిగితే ఫోను టింగుమంటుంది. టింగుమనగానే పశువుల డాక్టరుకి కబురు చేసి చూడి కట్టే సూది వేయించాలి. ఆ పూట దాటితే మళ్ళీ ఇరవయ్యొక్క రోజులు కాచుకోవాలి.

కథల్లో అత్తగార్లకి ఇలాంటి కొత్త వస్తువులు గిట్టవు. మన అత్తగారికి మాత్రం బెల్టులంటే ప్రాణం. ముప్పై ఏళ్ళ పాటు తెల్లవారకముందే లేచి, ఏ ఆవు ఏ ఆవు మీద ఎక్కుతోందో, ఏది ఊరికే అరుస్తోందో చలికి వణుకుతూ చూసిన మనిషి ఆవిడ. బెల్టులొచ్చిన మర్నాటి నుంచి దుప్పటి మీదికి లాక్కుని, ఇక నా కళ్ళకి పని తప్పిందని హాయిగా పడుకుంది. ఇన్నాళ్ళకి కడుపులో చల్ల కదలకుండా నిద్రపట్టింది. అందుకే నిదానం విషయంలో బెల్టు చెప్పిన తీర్పుకి ఎదురు చెప్పలేక, వారం రోజులుగా మింగలేక కక్కలేక తిరుగుతోంది. లారీ వచ్చేది రేపు పొద్దున్న.

మధ్యాహ్నం మూడింటికి కోడలు పిలిచింది. పాలగదిలో, క్యాన్లు కడిగి బోర్లించే రాతి అరుగు పక్కన చిన్న బల్ల ఉంది. దాని మీద నాలుగు నెలల కాగితాలు పరిచి కూర్చుంది. పదిహేడో నంబరు ఆవు చరిత్రంతా చేతికిస్తేగానీ తీసుకోనని కొనేవాళ్ళ తరఫున మాట్లాడిన దళారీ అన్నాడట. అది అచ్చువేయడానికి కూర్చుని, ఎన్నడూ తెరవని గంటలవారీ లెక్క తెరిచింది. ఇన్నాళ్ళూ రోజు మొత్తం ఎంతో చూసేదే తప్ప, ఏ గంటకి ఎంతో చూసే తీరిక ఎవరికుంది?

అత్తగారు స్టూలు లాక్కుని కూర్చుంది. కాగితాల మీద సన్నని గీతలు, ఒక్కో రోజుకి ఒక్కో వరస. గీత పొద్దంతా నేల మీద పాకి, ఒకచోట మాత్రం దిబ్బలా లేస్తోంది. అన్ని వరసల్లోనూ దిబ్బ అక్కడే.

"ఇదేంటో చెప్పండత్తయ్యా. రోజూ సాయంత్రం అయిదుంపావుకి లేస్తుంది, ఆరుంపావుకి పడిపోతుంది. ఆవుకి గడియారం ఎవరు నేర్పారు?"

సాయంకాలం చల్లబడ్డాక పశువుకి కాస్త హుషారొస్తుందేమోనని అత్తగారు కిటికీలోకి చూస్తూ అంది. మిగతా ఇరవై మూడింటికీ రాని హుషారు దీనికొక్కదానికే ఎందుకని కోడలు అడిగింది. మనుషుల్లో మాత్రం అందరూ ఒకలా ఉంటారా అని అత్తగారు ఎదురడిగింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అవసరం లేకపోయినా చీర మీది గడ్డిపరక దులుపుకుంది.

కోడలు నవ్వు ఆపుకుంటూ ఇంకో కాగితం ముందుకి జరిపింది. "ఆదివారాలు చూడండి. దిబ్బ లేదు. ఆదివారం మా ఆడపడుచు వస్తుంది, మీరు ఇంట్లోంచి కదలరు. మీరు కదలని రోజున నిదానానికి హుషారు రాదేం?"

ఇక దాచి లాభం లేదు. అత్తగారు అసలు సంగతి చెప్పింది.

నాలుగు నెలల కిందట మనుషుల డాక్టరు ఆవిడ నెత్తురు పరీక్ష చేసి, రోజూ గంట నడవకపోతే మందులు పెంచుతానని బెదిరించాడు. నడవడం ఆవిడకి కొత్త కాదు. నడవని రోజే లేదు. కానీ పనిలేకుండా నడవడం చేతకాలేదు. మొదటి రోజు చేతులూపుకుంటూ గేటు దాటింది. ఎదురైన వాళ్ళల్లా ఎక్కడికని అడిగారు. ఎక్కడికీ కాదు, ఊరికే అని చెప్పేసరికి తల కొట్టేసినట్టయింది. మర్నాడు నిదానం మెడకి పలుపు తగిలించి బయల్దేరింది. ఆవును తోలుకెళ్ళే మనిషిని ఎక్కడికని ఎవరూ అడగరు. కాలవ గట్టు దాకా వెళ్ళి, అటు కంచె పక్కనుంచి చుట్టు తిరిగి రావడం. తోడుకి తోడు, మందుకి మందు.

"ఇంకే ఆవూ దొరకలేదా మీకు?"

"మిగతావి లాక్కుపోతాయమ్మాయ్. నా కాళ్ళకి తగ్గ నడక దానిదొక్కదానిదే. పైగా దానితో చెప్పిన మాట బయటికి పోదు."

ఏం మాటలు చెబుతారేమిటని కోడలు అడగలేదు. తనని గురించే అయ్యుంటాయని తెలుసు. అవతల తన మాటలన్నీ ఫోనులో వాళ్ళమ్మ చెవిన పడుతూనే ఉంటాయి కాబట్టి అక్కడికి సరికి సరి. అత్తాకోడళ్ళిద్దరూ కాసేపు నవ్వుకున్నారు. క్యాను మూతలు కూడా వాళ్ళతో కలిసి మోగినట్టనిపించింది.

నవ్వుతూనే కోడలు కాగితాల వైపు చూసింది. నవ్వు ఆగిపోయింది.

ఒక కాగితం తీసి, సాయంత్రం దిబ్బ ఉన్న భాగం కనబడకుండా వెనక్కి మడిచింది. రెండోది మడిచింది, మూడోది మడిచింది. అలా వందకి పైగా వరసలు మడిచి, బల్ల మీద ఒకదాని కింద ఒకటి పేర్చింది. ఇప్పుడు గీతలన్నీ నేల మీదే పాకుతున్నాయి. మూడు మాత్రం తలెత్తాయి. తెల్లవారుజామున చిన్న మెరకలు. నిదానం ఎదకొచ్చినా నిదానంగానే వస్తుంది కాబట్టి చిన్నవే, కానీ కంటికి ఆనుతున్నాయి. మొదటిదానికీ రెండోదానికీ మధ్య ఇరవయ్యొక్క రోజులు. రెండోదానికీ మూడోదానికీ మధ్య మళ్ళీ ఇరవయ్యొక్క రోజులు.

అత్తగారికి చదువు తక్కువేగానీ ఈ ఇరవయ్యొక్కటి ఎవరూ చెప్పనక్కర్లేదు.

"ఎదకొచ్చింది," అంది. "మూడుసార్లు వచ్చింది. మరి ఫోను ఎందుకు మోగలేదు?"

కోడలు నెమ్మదిగా విడమరిచింది. రోజూ గంటసేపు తిరిగే ఆవు కదా, అదే దాని అలవాటని యంత్రం అనుకుంది. పైగా ఈ మూడు రోజుల్లో సాయంత్రం దిబ్బ సగమే ఉంది. పొద్దున పెరిగినంతా సాయంత్రం తగ్గింది, మొత్తం మామూలే అయింది. మామూలు రోజుకి ఫోను ఎందుకు మోగుతుంది? ఆ మూడు రోజులూ నడక ఎందుకు తగ్గిందో మాత్రం తనకి అర్థం కావడంలేదంది.

అత్తగారికి అర్థమైంది. ఆ మూడు సాయంత్రాలూ బాగా గుర్తున్నాయి. నిదానం అడుగడుక్కీ అరిచింది. కాలవ గట్టు వైపు రానని మొండికేసి కంచె వైపు లాగింది. మొదటి రెండుసార్లూ ఏమొచ్చింది నీకివాళ అని తిట్టి, సగం దారిలోంచే వెనక్కి తోలుకొచ్చింది. ముప్పై ఏళ్ళు ఆవుల్ని చూసిన కళ్ళు ఆ అరుపునీ, ఆ లాగుడునీ చూశాయి. చూసి కూడా, ఎదయితే ఫోను మోగేది కదా అనుకుని ఊరుకుంది. కళ్ళు ఫోనుని నమ్మాయి, ఫోను కాళ్ళని నమ్మింది. కాళ్ళు ఎవరివి? తనవి. ముద్దుగా నడిపించి నడిపించి, తన చేత్తో తనే ఆ ఆవుని గొడ్డుదని జాబితాలోకి ఎక్కించింది. ఆవిడకి ఏడుపొచ్చింది. పాలగదిలో ఏడవడం బాగుండదని కొంగుతో ముక్కు తుడుచుకుని ఊరుకుంది.

కోడలు ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసింది. ఇంకో సంగతి ఉందని, మూడో వరస మీద వేలు పెట్టింది. నలభై నాలుగు రోజుల కిందటిది. ఆ రోజు దిబ్బ మొదలై తెగిపోయింది. తర్వాత మూడు గంటలపాటు గీతే లేదు. ఖాళీ.

"పెట్టెకి అందనంత దూరం పోతేనే ఇలా ఖాళీ వస్తుంది. మూడు గంటలు ఎక్కడికెళ్ళింది అత్తయ్యా? కాలవ గట్టు దాకా వెళ్ళొస్తామని కదా ఇందాక మీరు చెప్పారు."

అత్తగారు తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. ఆ తర్వాత అదీ చెప్పేసింది. ఆ రోజు పలుపు చేతిలోంచి జారింది. నిదానం జన్మలో మొదటిసారి పరిగెత్తింది. విరిగిన కంచెలోంచి దూరి అవతలి దొడ్లోకి పోయింది. ఆవిడ వెంట వెళ్ళలేదు. కంచె ఇవతలే, దొడ్డి వైపు వీపు పెట్టి, ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి బరువు మార్చుకుంటూ, అదే తిరిగొచ్చేదాకా నిలబడింది.

ఎందుకు వెళ్ళలేదంటే, అవతలి దొడ్డి ఆవిడ తమ్ముడిది.

ఆరేళ్ళ కిందటి సంగతి. తమ్ముడికి ఒక కోడెదూడ పుట్టింది. దాన్ని ఆబోతుగా పెంచుతానని మురిసిపోతూ అక్కకి చూపించాడు. అక్క నోటికి అడ్డూ ఆపూ ఉంటేగా. ఇది ఆబోతయి ఒక్క ఆవునైనా చూడి కట్టిస్తే నా చెవి కోయించుకుంటాను, నా ఆవుల్ని దీని గాలి కూడా సోకనివ్వను అని పదిమందిలో అనేసింది. నలుగురూ నవ్వారు. తమ్ముడు నవ్వలేదు. ఆ రోజునుంచి కంచెకి అటు వాడు, ఇటు ఈవిడ. పలకరింపుల్లేవు.

కోడలు మిగతా వరసలు చూసుకుంటూ వచ్చింది. ఆ రోజు తర్వాత ఇరవయ్యొక్కటో రోజు, మెరక లేదు. నలభై రెండో రోజు, అంటే మొన్న. మెరక లేదు. ఠంచనుగా వచ్చే ఆవు రెండుసార్లు రాలేదు.

"అత్తయ్యా, నిదానం చూడి కట్టిందేమో."

అత్తగారు కుడిచేత్తో చెవి పట్టుకుంది. తెలియకుండానే పట్టుకుంది.

కోడలు వెంటనే పశువుల డాక్టరుకి ఫోను చేసింది. ఆయన పనిమీద ఊరెళ్ళాడు, ఎల్లుండిగానీ రాడు. లారీ రేపే. అమ్మనని చెప్పేయమని అత్తగారు అడగబోయింది. కోడలి మొహం చూసి ఆగింది. మాటిస్తే తప్పని పిల్ల అది. ఆ గుణం చూసే కోడలిగా తెచ్చుకుంది.

"చూడి కట్టిందని తెలిస్తే ఆవు గుమ్మం దాటదు, లారీ వాడికి నేనే సమాధానం చెబుతాను. కానీ ఏమో అనే మాటతో ఇచ్చిన మాట తప్పలేనత్తయ్యా. అవతల కొనేవాళ్ళు చోటు ఖాళీ చేసి పెట్టుకున్నారట. ఆ రోజు ఆ దొడ్లో ఏం జరిగిందో చూసిన మనిషి ఒక్కరే ఉన్నారు."

ఆ ఒక్కరూ ఎవరో చెప్పలేదు. గోడ గడియారం వైపు చూసి, అయిదవుతోంది, మీ నడక వేళయిందని మాత్రం అంది.

నాలుగు నెలల్లో మొదటిసారి ఆవిడ దాచుకోకుండా, కోడలు చూస్తుండగా నిదానానికి పలుపు తగిలించింది. ఎండ చల్లబడింది. కాలవ నీళ్ళ మీద గాలి ఆడుతోంది. నిదానం తలూపుకుంటూ, గట్టు మీది పరకలు రుచి చూసుకుంటూ నడిచింది. నిదానమే ప్రధానమని పెద్దలన్నారుగానీ, కంచె దగ్గరికి ఎప్పటికీ చేరకపోయినా బాగుండునని ఆవిడకి ఆవేళ అనిపించింది. ఏమని మొదలుపెట్టాలి? ఒరేయ్ అనా, తమ్ముడూ అనా? నీ ఆబోతు పనికొచ్చిందా అని ఏ మొహం పెట్టుకుని అడగాలి? దారంతా ఆవుకే చెప్పి చూసుకుంది. ఆవు ఏ మాటా బాగోలేదన్నట్టు చెవులు విదిల్చింది. మధ్యలో దాని కడుపు మీద చెయ్యి వేసి చూసుకుంది. నలభై నాలుగు రోజులకి చేతికి ఏం తెలుస్తుంది? అయినా వేసింది.

విరిగిన కంచె ఇప్పుడు విరిగి లేదు. కొత్త కర్రలు పాతి ఉన్నాయి. వాటి అవతల తమ్ముడు గడ్డి మోపు దించి నిలబడ్డాడు. ఆరేళ్ళలో జుట్టంతా నెరిసింది. ఆవిడకి ఆ ఒక్కటే కనబడింది, తతిమ్మా మాటలన్నీ మరిచిపోయింది.

"ఆ రోజు నా ఆవు ఇటొచ్చింది," అంది. "నీ ఆబోతు దగ్గరికి."

"ఆబోతు లేదక్కా. అమ్మేసి ఏడాదయింది."

ఆవిడ చేతిలో పలుపు వదులైంది. ఏడాది. రోజూ ఈ కంచె పక్కనుంచే నడుస్తూ, మొహం అటు తిప్పుకోవడంతో, అంత ఆబోతు లేదన్న సంగతే గమనించలేదు. ఉన్న ఆశ కాస్తా పోయింది.

తమ్ముడు గడ్డి వైపు చూస్తూ అన్నాడు. "నువ్వన్నదే నిజమైంది. దానివల్ల ఒక్క ఆవూ చూడి కట్టలేదు. చెబుదామనుకున్నాను. ఎలా చెప్పాలో తెలియలేదు."

గెలిచాననిపించలేదు ఆవిడకి. ఆరేళ్ళు వాడొక్కడూ ఆ మాట మోస్తూ తిరిగాడనిపించింది. నా నోరు మంచిది కాదురా అంది. అది నాకు పుట్టినప్పటినుంచీ తెలుసని తమ్ముడన్నాడు. ఇద్దరి మొహాల్లోనూ ఒకేసారి కాస్త నవ్వు వచ్చింది. వాళ్ళమ్మ నవ్వూ అంతే, ఒకవైపే వచ్చేది.

అప్పుడతను చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం ఒకటి తీశాడు. మడతల దగ్గర నలిగి ఉంది. ఆ రోజు నిదానం దొడ్లోకి వచ్చి గోడలు రాసుకుంటూ అరుస్తుంటే, చూసి ఊరుకోలేకపోయాడట. ఎదలో ఉన్న పశువుని ఉత్తినే వెనక్కి పంపడం చేతకాలేదు. అప్పుడు పాత డాక్టరు సెలవులో ఉన్నాడు, బదులొచ్చిన కొత్తాయన్ని పిలిచి సూది వేయించాడు. నెలకి ఆయన్నే మళ్ళీ రమ్మని, మధ్యాహ్నం అక్కావాళ్ళంతా పొలంలో ఉన్న వేళ వాళ్ళ షెడ్డుకే తీసుకొచ్చి పరీక్ష కూడా చేయించాడు. తేదీ, బెల్టు మీది పదిహేడో నంబరు, కింద డాక్టరు సంతకం.

"చూడి కట్టిందక్కా. అందులో రాసుంది."

ఆవిడ నిదానం మెడ కావలించుకుంది. ఏడుపు ఈసారి ఆపుకోలేదు, ఇది పాలగది కాదుగా. దొంగతనంగా నా షెడ్డులోకి వస్తావా అని తిట్టింది. తిడుతూనే కంచె మీదుగా చెయ్యి చాపి కాగితం అందుకుంది. ఇంక ఆవు గుమ్మం దాటదు. అయిపోయింది.

కాగితం రాలేదు. రెండో కొస తమ్ముడు వదల్లేదు.

"ఇన్నాళ్ళూ మొహమాటంతో చూపించలేదు. వారం కిందట నీ కోడలు జాబితా రాసిందని విన్నాక, చూపించాలనిపించలేదు," అన్నాడు, నిదానం నుదుటి మీది తెల్ల మచ్చ వైపు చూస్తూ. "అమ్మ నాకు పొలం ఇచ్చింది. నాకు కావలసింది ఆవక్కా. దళారీ చేత మాట్లాడించింది నేనే. రేపు వచ్చే లారీ నాది."